నెల్లూరు, ఒంగోలు వైపు తోటలు చూడాలంటే ఎప్పుడు రావాలి, ఎవరిని అడగాలి?

లత_కర్నూలు · జనవరి 6

అందరికీ నమస్కారం. మాది కర్నూలు, నా ఉద్యోగం హైదరాబాద్‌లో. మా నాన్న బోటనీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగేళ్లు కావలిలో ఉన్నారు. అప్పుడొకసారి విద్యార్థులను తీసుకుని పొదలకూరు దగ్గర నిమ్మతోటకు వెళ్లారట. చెట్లన్నీ పూతమీద ఉన్నాయని, ఆ వాసన బట్టలకు పట్టి కావలి చేరేదాకా వదల్లేదని ఇప్పటికీ చెబుతుంటారు. పోయిన ఏడాది ఆయనకు మోకాలి ఆపరేషన్ అయింది. ఇప్పుడు కర్రతో నడుస్తున్నారు. "ఇంకొక్కసారి ఆ తోటలు చూసి రావాలమ్మా" అని సంక్రాంతి ముగ్గులు పెడుతుంటే అన్నారు, అప్పటినుంచి నాకు మనసు నిలవడం లేదు.

మూడు రోజులు రాగలం. నాన్న, అమ్మ, నేను, మా తొమ్మిదేళ్ల బాబు. టికెట్ తీసుకుని చూసే తోటలు అక్కడ ఉన్నాయా? సొంత తోటల వాళ్లు బయటివాళ్లను రానిస్తారా? నాన్నకు పూత చూడాలని ఉంది, కాబట్టి ఫిబ్రవరి అంటున్నారు. బాబు మాత్రం చెట్టునుంచి కాయ కోయాలని, మే అంటున్నాడు. ఇద్దరినీ ఒకే ప్రయాణంలో సంతోషపెట్టే మార్గం ఉంటే చెప్పండి.

నడకదారి · జనవరి 6

లత గారూ, ముందే చెబుతాను, ఊటీలోలాగా టికెట్ కొని రోజంతా తిరిగే బొటానికల్ గార్డెన్ మీకు ఇక్కడ దొరకదు. నెల్లూరులో చిల్డ్రన్స్ పార్కు, ఇరుకళల పరమేశ్వరి గుడి దగ్గర నెల్లూరు చెరువు గట్టు. ఒంగోలులో రంగారాయుడు చెరువు కట్ట. ఇవి సాయంత్రం కూర్చోవడానికి బాగుంటాయి, మీ నాన్నగారికి నడక కూడా సులువు. వీటికి ఒక్క సాయంత్రం చాలు. మూడు రోజులు పెట్టుకుని వస్తున్నారంటే రైతుల తోటలకే వెళ్లండి.

మూలాపేట మాష్టారు · జనవరి 7

అమ్మా లతా, మీ నాన్నగారు కావలిలో పనిచేశారంటే నాకు మా ఊరివాళ్లే అనిపించింది.

నెల్లూరు పేటల పేర్లు వింటే ఈ ఊరు ఒకప్పుడు ఎలా ఉండేదో కాస్త అర్థమవుతుంది. పొగతోట, జేమ్స్ గార్డెన్, బృందావనం. ఇప్పుడు పొగతోటకు ఎవరైనా వచ్చారంటే డాక్టరు దగ్గరికే. సందుకు నాలుగు ఆసుపత్రులు, ఆరు మందుల షాపులు. పేరులో తోట మిగిలింది, నేలమీద చెట్టు మిగల్లేదు. మా మూలాపేటలో మూలస్థానేశ్వరుడి గుడి ఉంది. స్వామి నెల్లిచెట్టు కింద, అంటే ఉసిరిచెట్టు కింద వెలిశాడని, ఆ నెల్లి పేరుమీదే ఊరికి నెల్లూరు అని వచ్చిందని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. తమిళంలో నెల్లు అంటే వడ్లు కాబట్టి వరి పండే ఊరనే అర్థమనేవాళ్లూ ఉన్నారు. ఏది నిజమైనా ఊరి పేరు చెట్టునుంచో పైరునుంచో వచ్చిందన్నమాట. అందుకే ఊళ్లో ఒక్క చెట్టు కొట్టేసినా నాకు బాధగా ఉంటుంది.

మీ నాన్నగారిని తప్పకుండా పల్లిపాడు తీసుకెళ్లండి. ఇందుకూరుపేట మండలం, పెన్న ఒడ్డు. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు స్వయంగా వచ్చి అక్కడి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. స్థలం ఇచ్చినవారు పొణకా కనకమ్మ గారు. నెల్లూరులో ఆడపిల్లలకు కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది కూడా ఆవిడే. ఆశ్రమంలో పూలమడులు, ఫౌంటెన్లు చూద్దామని వెళ్తే నిరాశ పడతారు. చెట్టునీడ, ఏటి గాలి, నిశ్శబ్దం, అంతే. పొద్దున ఎనిమిదికల్లా వెళ్లి ఒక గంట కూర్చోండి.

పొదలకూరు రైతుబిడ్డ · జనవరి 7

లత అక్కా, మాది నిమ్మతోటే. మా తాత పెట్టాడు, నాయన చూశాడు, ఇప్పుడు నేను చూస్తున్నాను. కాబట్టి నిమ్మ సంగతి నేను చెబుతాను.

నిమ్మకు పూత ఒకేసారి రాదు. ఏడాదికి రెండు మూడు విడతలు పూస్తుంది. అన్నిటికంటే ఎక్కువ పూత జనవరి, ఫిబ్రవరిలో. మీ నాన్నగారు చూసింది అదే అయి ఉంటుంది. పొద్దున మంచు విడిచే వేళ తోటలో నిలబడితే ఆ వాసనకు కాలు కదలదు. మధ్యాహ్నానికి ఎండకు తగ్గిపోతుంది. కాబట్టి ఫిబ్రవరిలో రండి, పొద్దున్నే రండి.

కానీ ఈ పూత కాయై చేతికొచ్చేసరికి ఎండాకాలం చివరికి వస్తుంది. మాకు డబ్బు వచ్చేది మార్చి నుంచి మే దాకా దిగే కాయకు. దానికోసం వానాకాలంలో చెట్టుకు నీళ్లు ఆపి, బెట్టకు తెచ్చి, మళ్లీ నీళ్లు కట్టి పూత రప్పించాలి. మా వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరులోనే కదా, అవి ముందొచ్చినా ఎక్కువైనా లెక్క తప్పుతుంది. 2021 నవంబరు వానలకు మా తోటలో పూత నిలవలేదు. తర్వాత 2022 ఏప్రిల్‌లో నిమ్మకాయ రేటు గురించి దేశమంతా మాట్లాడుకుంది. చుట్టాలు ఫోన్ చేసి "ఈ ఏడు మీకు పండగేరా" అన్నారు. ఆ నెల మా చెట్టుమీద కోయడానికి కాయే లేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తోటకు వచ్చినవాళ్లు మొదట అడిగేది రేటు గురించే. మీరు చెట్టు గురించి అడగండి, మా నాయన సాయంత్రం దాకా చెబుతాడు.

కొన్ని జాగ్రత్తలు. నిమ్మకు ముళ్లుంటాయి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. ఎండుకొమ్మ ముల్లు చెప్పులోంచి దిగుతుంది. బాబుకు పొడుగు చేతుల చొక్కా వేయండి. ఒక తోటలో కొమ్మగానీ ఆకుగానీ కోసి చేతపట్టుకుని ఇంకో తోటలోకి వెళ్లొద్దు. గజ్జి తెగులు అలా కూడా పాకుతుంది. బాలాజీ రకం ఆ తెగులును కొంత తట్టుకుంటుందని కొత్తగా పెట్టేవాళ్లు దాన్ని ఎక్కువ పెడుతున్నారు. మా పాత చెట్లు మాత్రం నాటు రకమే.

నెల్లూరు నుంచి పొదలకూరు సుమారు 30 కిలోమీటర్లు. అక్కడ నిమ్మకాయల మార్కెట్ చూడండి, బస్తాల్లో కుప్పపోసిన పచ్చకాయ, పండుకాయ వేరు చేస్తూ ఉంటారు. తర్వాత రాపూరు దారి పట్టండి. కండలేరు జలాశయం, ఇంకా ముందుకు పోతే పెంచలకోన. ఆ దారంతా రెండువైపులా నిమ్మ కనిపిస్తుంది.

ఉలవపాడు మామిడి · జనవరి 8

అందరూ రండి రండి అంటున్నారు. నేను నాలుగు మాటలు కఠినంగా చెబుతాను, లత గారు ఏమీ అనుకోవద్దు. ఇవి మీ గురించి కాదు.

మా తోట హైవేకి దగ్గర. ఏటా ఏప్రిల్, మే నెలల్లో కార్లు ఆపుతారు. కొంతమంది షెడ్డు దగ్గరికొచ్చి అడిగి, కాయ కొనుక్కుని పోతారు. కొంతమంది కంచె దాటి వచ్చేస్తారు. పోయిన ఏడు ఒక కుటుంబం ఫొటో కోసం పిల్లవాడిని కొమ్మెక్కించారు. కొమ్మ చీలింది. అది మా నాయన నాటిన అంటు. పిల్లవాడికి ఏమీ కాలేదు, అదే పెద్ద భాగ్యం. "ఎంతండీ కొమ్మకి?" అని పర్సు తీశారు. ముప్పై ఏళ్ల కొమ్మకు ఏం చెప్పను?

ఇంకొక సంగతి బయటివాళ్లకు తెలియదు. మా వైపు చాలా తోటలను పూత మీదో పిందె మీదో గుత్తకు ఇచ్చేస్తారు. అంటే భూమి రైతుది, ఆ ఏటి కాయ గుత్తదారుడిది. "ఓనరు మాకు తెలుసు, కోసుకోమన్నాడు" అని వస్తారు. ఓనరుకు ఆ హక్కు ఉండదు. గుత్తదారుడి కాపలా మనిషి వద్దంటే ఆయనతో గొడవపడతారు. ఒక్కో కాయ లెక్క ఆయన చెప్పుకోవాలి పాపం. కాబట్టి అడగాల్సింది ఇద్దరిని. లోపలికి రావడానికి రైతును, కాయ ముట్టుకోవడానికి గుత్తదారుడిని.

ఫిబ్రవరిలో వస్తే మామిడి పూత, పిందె చూడొచ్చు. కానీ పూతమీద ఉన్న కొమ్మను దులపకూడదు, పట్టుకుని వంచకూడదు. తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు మేము మందు కొట్టే రోజులు కూడా అవే. మందు కొట్టిన తోటలోకి ఎవరినీ రానివ్వను. మీరు ఎంత దూరం నుంచి వచ్చినా రానివ్వను.

లత_కర్నూలు · జనవరి 8

ఉలవపాడు గారూ, మీరు చెప్పినందుకు చాలా థాంక్స్. గుత్త సంగతి మాకు నిజంగా తెలియదు. తెలియక మేమూ అదే తప్పు చేసేవాళ్లమేమో. మీ మాటలు నాన్నకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "చీలిన కొమ్మకు ఏం చేశారో అడుగు" అన్నారు.

ఉలవపాడు మామిడి · జనవరి 9

చీలిన చోటికి కింద నునుపుగా కోసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూశాము. చెట్టు బాగుంది. ఆ పక్కనుంచి రెండు చిగుళ్లు వచ్చాయి. అడిగినందుకు సంతోషం. నాన్నగారికి చెప్పండి.

కందుకూరు కోడలు · జనవరి 9

లతా, మగవాళ్లు చెప్పని విషయాలు నేను చెబుతాను.

తోటల్లో బాత్రూంలు ఉండవు. బయల్దేరే ముందు హోటల్లో, మధ్యలో హైవేమీద పెట్రోలు బంకుల్లో చూసుకోవాలి. అమ్మగారు ఉన్నారు కాబట్టి ఒక తోటలో రెండు గంటలకు మించి ప్లాన్ పెట్టుకోవద్దు. తాగే నీళ్లు మీవే తెచ్చుకోండి. బోరు నీళ్లు మాకు అలవాటు, మీకు పడకపోవచ్చు. నాన్నగారికి మడత కుర్చీ ఒకటి కారులో వేసుకోండి. చెట్ల పాదులు, డ్రిప్ పైపులు కాలికి తగులుతాయి, కర్రతో నడిచేవాళ్లకు అది కష్టం. ట్రాక్టర్ దారి వెంబడే నడిపించండి.

ఇప్పుడు మీ బాబు సంగతి. ఉలవపాడు అంటే మామిడే అనుకుంటారు, సపోటా కూడా అంతే పేరున్న పంట. సపోటా ఏడాదిలో చాలా నెలలు కాపు ఇస్తుంది, ఫిబ్రవరిలో కాయ ఉంటుంది. వాడు చిక్కంతో, అంటే కర్ర చివర వల కట్టిన దానితో సపోటా కోస్తాడు, తాతయ్య మామిడి పూత చూస్తాడు! చెట్టుమీదనుంచి కోసిన సపోటా వెంటనే తినడానికి రాదని ముందే చెప్పండి, లేకపోతే అక్కడే కొరికి జిగటకు ఏడుస్తాడు. గడ్డిలో నాలుగైదు రోజులు మాగాలి. హైదరాబాద్ చేరాక తినొచ్చు.

శనివారం వస్తే మాలకొండ కూడా చూడండి. వలేటివారిపాళెం మండలం, లక్ష్మీనరసింహస్వామి. వారంలో శనివారం ఒక్కరోజే గుడి తెరుస్తారు. మిగతా రోజుల్లో వెళ్లి వెనక్కి రావద్దు.

నడకదారి · జనవరి 10

ఒక ప్రశ్న. తోట చూపించినందుకు రైతులు ఎందుకు డబ్బు తీసుకోకూడదు? మనిషికి ఇంత అని పెడితే, వచ్చేవాళ్లు కూడా బాధ్యతగా ఉంటారు, కొమ్మ చీల్చరు. బాత్రూం కట్టించడానికి ఆ డబ్బే పనికొస్తుంది. ఊరికే చూసి పొమ్మనడం వల్లే లోకువ అవుతున్నారని నా అభిప్రాయం.

ఉలవపాడు మామిడి · జనవరి 10

గుమ్మంలోకి వచ్చిన మనిషి దగ్గర డబ్బు తీసుకుని చెట్టు చూపించడం మాకు అలవాటు లేదు. ఇంకో మాట, డబ్బు ఇచ్చినవాడు "నేను డబ్బు ఇచ్చాను" అంటాడు. అప్పుడు వద్దని చెప్పే నోరు మాకు ఉండదు.

పొదలకూరు రైతుబిడ్డ · జనవరి 10

నాకు నడకదారి అన్న చెప్పింది సబబుగానే ఉంది. నిమ్మ రేటు పడిపోయిన నెలలు చూసినవాడిని కాబట్టి అంటున్నాను. కోత కూలి కూడా రాక కాయ చెట్టుకిందే వదిలేసిన రోజులున్నాయి. ఆ రోజుల్లో పది మంది వచ్చి తోట చూసి కొంత ఇచ్చి పోతే అది మాకు తోడే. మా నాయన మాత్రం ఒప్పుకోడు.

కందుకూరు కోడలు · జనవరి 10

షెడ్డు దగ్గర కాయ కొనండి, బేరం ఆడకుండా కొనండి. కాపలా కాసే కుటుంబం మీకోసం పని ఆపి తిరుగుతుంది, వాళ్ల చేతిలో కొంత పెట్టండి. రైతు మర్యాద రైతుకు ఉంటుంది, కూలి మనిషి కష్టం కూలి మనిషికి దక్కుతుంది. మా అత్తగారింట్లో ఇదే పద్ధతి.

నడకదారి · జనవరి 11

బాగుంది. అయినా నా అభిప్రాయం మారలేదు, ఎప్పుడైనా కలిసి మాట్లాడుకుందాం.

సముద్రగాలి · జనవరి 12

మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపు. అందరూ నిమ్మ, మామిడి అంటున్నారు, సముద్రం పక్క ఇసుకనేల తోటల గురించి ఎవరూ చెప్పలేదు.

బోటనీ చెప్పినవారికి మా దొరువులు చూపించాలి. ఇసుకలో నాలుగైదు అడుగులు తవ్వితే మంచినీళ్లు వస్తాయి. సముద్రం పక్కన మంచినీళ్లేమిటి అనుకుంటారు. వాననీళ్లు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలి నిలుస్తాయి. లోతుగా తవ్వినా, పెద్ద మోటారు పెట్టి లాగినా కిందనుంచి ఉప్పు పైకొస్తుంది. అందుకే మా పెద్దవాళ్లు లోతు తక్కువ గుంటలు తవ్వి, కడవలతో ముంచి మొక్కమొక్కకూ పోసేవాళ్లు. రెండు చేతుల్లో రెండు కడవలు, వంగి ఒకేసారి రెండు సాళ్లకు పోసుకుంటూ నడిచేవాళ్లు. మా అమ్మ భుజాలు అలాగే అరిగిపోయాయి. ఇప్పుడు చాలాచోట్ల మోటార్లు వచ్చాయి, రొయ్యల గుంటలు వచ్చాయి, కొన్ని దొరువులు ఉప్పెక్కాయి. మిగిలినవి మిగిలి ఉండగానే చూడాలి.

ఇంకా సరుగుడు తోపులు. గాలి వీచినప్పుడు సరుగుడులో వచ్చే చప్పుడు సముద్రం చప్పుడుతో కలిసిపోతుంది, ఏది ఏదో తెలియదు. నెల్లూరు వైపే ఉంటే మైపాడు దారిలో చూడొచ్చు, పట్నానికి 25 కిలోమీటర్లు. తాటితోపులు కూడా ఉంటాయి. ముంజలకు మాత్రం ఏప్రిల్, మే రావాలి.

మూలాపేట మాష్టారు · జనవరి 12

చక్కగా రాశావు నాయనా. ఫిబ్రవరి అంటే నేలపట్టు పక్షులు కూడా ఇంకా ఉంటాయి. దొరవారిసత్రం మండలం, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. అదొక చెరువు. నీళ్లలో నిలబడిన కడప చెట్లమీద గూడబాతులు గూళ్లు పెడతాయి. నీళ్లలో నెలల తరబడి మునిగినా ఆ చెట్టు చావదు. మీ నాన్నగారు పక్షులకంటే చెట్లే ఎక్కువసేపు చూస్తారేమో. కానీ మూడు రోజుల్లో అన్నీ కుదరవు, దక్షిణం వైపు ఇంకోసారి పెట్టుకోండి.

పొదలకూరు రైతుబిడ్డ · జనవరి 13

ఒక ముఖ్యమైన సంగతి మర్చిపోయాను. దయచేసి అందరూ చదవండి.

అడవి పందుల బాధకు కొంతమంది తోట చుట్టూ తీగ కట్టి రాత్రిపూట కరెంటు పెడుతున్నారు. అది చట్టానికి విరుద్ధం, మనుషులు చనిపోయిన సంఘటనలూ ఉన్నాయి. పొద్దు గుంకాక, తెల్లవారకముందు తెలియని తోటలోకి అడుగుపెట్టొద్దు. ఫొటోలు తీసేవాళ్లు సూర్యోదయం కోసం చీకట్లో బయల్దేరుతుంటారు, వాళ్లకు మరీ చెబుతున్నాను. పగలైనా తీగను ముట్టుకోవద్దు. గడ్డి పెరిగిన చోట రక్తపింజరి ఉంటుంది, ఎండుటాకుల్లో కలిసిపోయి కనపడదు. బాబును ముందు పరుగెత్తనివ్వకండి.

నిర్వాహకుడు · జనవరి 13

పై పోస్టును అందరికీ కనిపించేలా పైన ఉంచుతున్నాను. ఫోన్ నంబర్లు, తోటల అడ్రసులు ఇక్కడ బహిరంగంగా రాయవద్దు, ప్రైవేటు మెసేజ్‌లో ఇచ్చుకోండి.

లత_కర్నూలు · జనవరి 18

నిర్ణయించుకున్నాం. ఫిబ్రవరి మూడో వారం. మొదటిరోజు నెల్లూరు, పల్లిపాడు, సాయంత్రం చెరువుగట్టు. రెండో రోజు పొదలకూరు, కండలేరు, పెంచలకోన. మూడో రోజు కావలి మీదుగా ఉలవపాడు. నాన్న కావలిలో కాసేపు ఆగాలన్నారు. రైతుబిడ్డ తమ్ముడు, ఉలవపాడు గారు ఇద్దరూ మెసేజ్‌లో రమ్మన్నారు. సముద్రగాలి గారూ, దొరువుల గురించి చదివి నాన్న వాటినీ చూడాలంటున్నారు, కానీ మోకాలికి ఇసుకలో నడక కుదరదని డాక్టరు అన్నారు. నేను ఒక్కదాన్నైనా ఎప్పుడో వస్తాను.

లత_కర్నూలు · ఫిబ్రవరి 25

వెళ్లొచ్చాం. మీకు చెప్పకుండా ఉండలేను, కాస్త పొడుగైనా చదవండి.

పల్లిపాడులో మాష్టారు చెప్పినట్టే నిశ్శబ్దం. అమ్మకు అన్నిటికంటే అదే నచ్చింది. అమ్మ ఈ ప్రయాణంలో తనకోసం ఏమీ అడగలేదని అక్కడ కూర్చున్నాకే నాకు తట్టింది. అనుకున్న గంట కాదు, రెండున్నర గంటలు ఉన్నాం. చెరువుగట్టుకు వెళ్లలేదు.

రెండో రోజు పొద్దున ఏడున్నరకు రైతుబిడ్డ తమ్ముడి తోటలో ఉన్నాం. కారు డోరు తీయగానే వాసన వచ్చింది. నాన్న దిగలేదు. కళ్లు మూసుకుని సీట్లోనే కూర్చున్నారు. "దిగుదామా నాన్నా" అంటే చెయ్యెత్తి ఆగమన్నారు. తర్వాత షెడ్డు దగ్గర నులక మంచం వేశారు. మడత కుర్చీ ఉన్నా ఆయన మంచం మీదే కూర్చున్నారు. తమ్ముడి నాయనగారు, మా నాన్న ఒకరినొకరు ఎప్పటినుంచో తెలిసినవాళ్లలా మాట్లాడుకున్నారు. బత్తాయిని రంగపూర్ నిమ్మ వేరుమీద అంటుకడతారు, నిమ్మను మాత్రం ఎక్కువమంది గింజనుంచే పెంచుతారు, ఎందుకని నాన్న అడిగారు. నిమ్మగింజలో ఒకదానికంటే ఎక్కువ మొలకలు వస్తాయని, వాటిలో చాలావరకు తల్లిచెట్టు లాంటివే కాబట్టి అంటు అవసరం పెద్దగా రాదని ఆయన చెప్పారు. నాన్న ముప్పై ఏళ్లు క్లాసులో చెప్పిన పాఠమే అది. "నేను పుస్తకంలో చదివి చెప్పాను, ఈయన మట్టిలో చూసి చెబుతున్నాడు" అన్నారు నాతో.

అక్కడ పనిచేసే ఆవిడ కూతురు ఇంటర్ బైపీసీ చదువుతోంది. నాన్న ఒక పూవు, అదీ కిందరాలింది, తీసుకుని ఆ అమ్మాయికి కేసరాలు, అండాశయం విడదీసి చూపించారు. మళ్లీ క్లాసు చెప్పినట్టు నిలబడే చెప్పారు. కర్ర మంచానికి ఆనించి ఉంది.

బాబుకు వద్దన్నా ముల్లు గుచ్చుకుంది. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. పెద్దదేమీ కాదు.

పెంచలకోన వెళ్లలేదు. కండలేరు దాకా వెళ్లి వెనక్కి తిరిగాం, నాన్న అలసిపోయారు. ఆ నీళ్లే తెలుగుగంగ కాలువలో చెన్నైకి వెళ్తాయని, 1996లో మొదటిసారి వెళ్లాయని బాబుకు చెప్పారు. "మరి ఇక్కడి చెట్లకు?" అని వాడు అడిగాడు. నాకు జవాబు తోచలేదు.

ఉలవపాడులో మొదట ఒక తోట దగ్గర ఆగితే ముందురోజే మందు కొట్టారని కాపలా ఆయన చెప్పారు. వెంటనే వెనక్కి వచ్చేశాం. తర్వాత ఉలవపాడు గారి తోట. మామిడి పూత చాలావరకు పిందెగా మారింది, చివరి కొమ్మల్లో కొంత పూత మిగిలి ఉంది. దానిమీద ముసిరినవి ఈగలు! మామిడికి తేనెటీగకంటే ఈగలే ఎక్కువ మేలు చేస్తాయని నాన్న అన్నారు, ఉలవపాడు గారు అవునన్నారు. చీలిన కొమ్మ చూపించారు. నాన్న ఆ కోతమీద చాలాసేపు చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. బాబు చిక్కంతో పదకొండు సపోటాలు కోశాడు. పదకొండూ లెక్కపెట్టి గడ్డిలో పెట్టి ఇచ్చారు. ఆరోరోజు మెత్తబడ్డాయి.

పొదలకూరు రైతుబిడ్డ · ఫిబ్రవరి 25

అక్కా, మా నాయన రోజూ అడుగుతున్నాడు, మాష్టారు ఎలా ఉన్నారని. ఆ పాప కూడా అడిగింది. బాబు అడిగిన దానికి నేను చెబుతాను. కాలువ కింద ఉన్న కొన్ని ఊళ్లకు, చెరువులకు నీళ్లొస్తాయి. మెట్టమీద ఉన్న మాలాంటి తోటలకు బోరే దిక్కు. పెన్న మీద సోమశిల 78 టీఎంసీలు, అక్కడినుంచి నీళ్లొచ్చే కండలేరు 68 టీఎంసీలు. రెండూ మా జిల్లాలోనే ఉన్నాయి, అయినా వేసవిలో మా బోర్లు అడుగంటుతాయి. చాలా మంచి ప్రశ్న వేశాడు వాడు.

కందుకూరు కోడలు · ఫిబ్రవరి 26

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు లతా. ఈసారి వస్తే ఆవిడను అడిగి ప్లాన్ వేద్దాం. చేపల పులుసులో మామిడికాయ ముక్క వేసి మా ఇంట్లో పెడతాను. మీరు తినకపోతే పప్పుమామిడి చేస్తాను.

సముద్రగాలి · ఫిబ్రవరి 26

దొరువు ఫొటోలు, నీళ్లు పోసే వీడియో తీసి మీకు మెసేజ్‌లో పంపాను. మా అమ్మ కడవలు పట్టుకుని చూపించింది. మాష్టారికి చూపించండి.

ఉలవపాడు మామిడి · మే 4

బంగినపల్లి కోత మొదలైంది. లత గారూ, ఈ ఏడు మా తోట గుత్తకు ఇవ్వలేదు, కాయ మాదే. పార్సిల్ పంపగలను గానీ బాబుకు సెలవులు కదా, వస్తాడా?

లత_కర్నూలు · మే 4

నాన్న ఎండకు రాలేరు. నేను, బాబు వస్తాం. శనివారం రాత్రి రైలుకు చూస్తున్నాను. వాడు ఇప్పటికే బూట్లు తీసి తలుపు దగ్గర పెట్టాడు. కాయ కోసేటప్పుడు సొన మొహాన పడుతుందంటారు కదా, ఏం తెచ్చుకోవాలి?

ఉలవపాడు మామిడి · మే 5

ఏమీ వద్దు. కాయను ముచ్చిక ఉంచి కోస్తాం, తర్వాత ముచ్చిక తుంచి తలకిందులుగా పెడితే సొన నేలకు కారిపోతుంది. ఆ పని మా వాళ్లు చేస్తారు, బాబు కోయడం ఒక్కటే చేస్తాడు. మా చిక్కం కర్రలు వాడికి బరువు. చిన్న వెదురుతో వాడికి సరిపడేది ఒకటి కట్టించి ఉంచుతాను.